తెనాలిలో మా నాన్న మాట, క్రాకోవ్‌లో మా ఓనరమ్మ మాట

ప్రశ్న: రష్యా–ఉక్రెయిన్ యుద్ధాన్ని చుట్టుపక్కల దేశాల్లో మామూలు జనం ఎలా చూస్తున్నారు? మన టీవీల్లో వినేదానికీ అక్కడి మాటకీ తేడా ఉందా?

ఉంది, చాలానే ఉంది. నేను 2018 నుంచి పోలండ్‌లో, క్రాకోవ్‌లో ఉంటున్నాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇక్కణ్ణుంచి ఉక్రెయిన్ సరిహద్దుకి కారులో మూడు గంటలు. కాబట్టి చూసిందీ విన్నదీ చెప్తాను, విశ్లేషణ కావాలంటే యూట్యూబ్ నిండా ఉంది.

ముందు మా ఇంటి సంగతి. మాది తెనాలి. మా ఇంట్లో రష్యా అంటే చుట్టాల ఊరు లెక్క. మా నాన్న చిన్నప్పుడు నోటుపుస్తకాలకి అట్టలు వేసుకున్నది ‘సోవియట్ భూమి’ పత్రిక కాగితాలతోనే, నున్నగా, రంగురంగుల బొమ్మలతో, వానకి కూడా తొందరగా పాడయ్యేవి కావట. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు అమెరికా నౌకలు బంగాళాఖాతంలోకి వస్తే మన వెనక నిలబడింది ఎవరు అన్న ప్రశ్న నాకు ఎక్కాలతో పాటే వచ్చేసింది. 2022 ఫిబ్రవరి 24న యుద్ధం మొదలైన రోజు నాన్న ఫోన్ చేసి నేను ఎలా ఉన్నానో కనుక్కుని, వెంటనే అన్నారు: “నాటో వాళ్లు వచ్చి గుమ్మంలో కూర్చుంటే ఎవడు ఊరుకుంటాడ్రా?” నాటో అంటే అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి.

మా ఇంటి ఓనరమ్మకి డెబ్బై దాటాయి, కింద ఫ్లాట్‌లోనే ఉంటుంది. ఇక్కడ ఆడవాళ్లని మర్యాదగా ‘పానీ’ అని పిలవాలి. కొత్తలో నాకు ప్రతిసారీ మంచినీళ్లు అడుగుతున్నట్టే ఉండేది. అద్దె గురించి మాట్లాడడానికి వెళ్లినప్పుడు నాన్న మాట ఆవిడకి చెప్పాను, ఊరికే, ఏమంటుందో చూద్దామని. టీ కప్పు కింద పెట్టి అంది: “మీ నాన్నగారికి చెప్పు. నాటో మా గుమ్మంలోకి రాలేదు. మేమే వాళ్ల గుమ్మం ముందు పడిగాపులు కాశాం. 1999లో తలుపు తీశారు.”

ఆవిడ వాళ్లమ్మది ఇప్పటి ఉక్రెయిన్‌లోని ల్వీవ్ పక్క ఊరు. అప్పట్లో అది పోలండ్. 1939 సెప్టెంబరు 1న పడమటి నుంచి హిట్లర్ వస్తే, 17న తూర్పు నుంచి స్టాలిన్ సైన్యం వచ్చింది. మరుసటి ఏడాది, అప్పటికి పదేళ్ల పిల్ల అయిన వాళ్లమ్మని తల్లితో సహా పశువుల రైలు పెట్టెలో ఎక్కించి కజకస్తాన్ పంపేశారు. ఆ ఇంట్లో అక్కణ్ణుంచి తెచ్చిన చెక్క గరిటె ఒకటి ఇప్పటికీ ఉంది, వంటింటి గోడకి మేకు కొట్టి తగిలించారు. 1940లోనే కతిన్‌లోనూ ఇంకొన్ని చోట్లా దాదాపు 22 వేల మంది పోలిష్ అధికారుల్ని, పోలీసుల్ని, చదువుకున్నవాళ్లని సోవియట్ రహస్య పోలీసులు కాల్చి పాతేశారు. యాభై ఏళ్లపాటు మాస్కో ‘అది జర్మన్లు చేసిన పని’ అంటూ వచ్చి, 1990లో ఒప్పుకుంది. అందుకే ‘ఉక్రెయిన్ వాళ్లే వాళ్ల ఊళ్ల మీద బాంబులేసుకుంటున్నారు’ అని రష్యా టీవీ చెప్పినప్పుడు మా ఓనరమ్మకి కోపం కూడా రాదు. “ఈ పాట మాకు నోటికొచ్చు” అంటుంది.

యుద్ధం మొదలైన మూడో రోజు ఇక్కడి తెలుగువాళ్లం కొందరం కలిసి ప్షెమిష్ల్ వెళ్లాం. సరిహద్దుకి దగ్గర్లో ఉన్న చిన్న ఊరు, పెద్ద రైల్వే స్టేషను. ల్వీవ్, టెర్నోపిల్ కాలేజీల్లో మెడిసిన్ చదివే మన పిల్లలు మెడికా సరిహద్దు దాటి వస్తున్నారని తెలిసి, మూడు గిన్నెల నిండా నిమ్మకాయ పులిహోర చేసుకుని వెళ్లాం. కార్లు కిలోమీటర్ల కొద్దీ ఆగిపోవడంతో ముప్పై, నలభై కిలోమీటర్లు ఆ చలిలో నడిచొచ్చిన పిల్లలు. గుంటూరు వైపు కుర్రాడొకడు పేపరు ప్లేటు పట్టుకుని పది నిమిషాలు నోరు విప్పలేదు, తినలేదు. తర్వాత తలెత్తి “ఆవకాయ ఏమన్నా ఉందా అన్నా?” అన్నాడు. అప్పటిదాకా గట్టిగా ఉన్న మాలో ఒకావిడ పక్కకి వెళ్లి ఏడ్చింది.

వాళ్లలో చాలామంది ఇంకో మాట కూడా చెప్పారు. ఉక్రెయిన్ వైపు క్యూల్లో మన పిల్లల్నీ ఆఫ్రికా పిల్లల్నీ పక్కకి నెట్టి, తెల్లవాళ్లని ముందు పంపారని, కొందర్ని కొట్టారని. ఇది అప్పట్లో పత్రికల్లో కూడా వచ్చింది. ఉక్రెయిన్ మీద సానుభూతి ఉన్నవాళ్లు దీన్ని దాస్తారు, లేనివాళ్లు ఇదొక్కటే చెప్తారు. అదే ప్లాట్‌ఫారం మీద పోలిష్ తల్లులు వదిలి వెళ్లిన పిల్లల తోపుడు బళ్లు వరసగా కనబడ్డాయి. చంకలో బిడ్డతో దిగే అమ్మ ఎవరైనా తీసుకోవచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు. రెండూ నేను చూసిన వారంలోనివే, ఏదీ రెండోదాన్ని కొట్టేయదు.

2022 మార్చిలో ఉక్రెయిన్ శరణార్థుల్ని తీసుకోవాలా అని సర్వే చేస్తే ఇక్కడ 94 శాతం మంది తీసుకోవాలన్నారు. మూడేళ్లు తిరిగేసరికి అది సగానికి వచ్చింది. ఎందుకంటే చుట్టాలైనా నాలుగు రోజులే కదా. ఆసుపత్రి క్యూ పెరిగింది, అద్దెలు పెరిగాయి, ‘వాళ్ల పిల్లలకి మా పన్నుల డబ్బులా?’ అనే మాట మొదలైంది. 2023లో చవకగా వచ్చిపడిన ఉక్రెయిన్ గోధుమ మీద రైతులు రోడ్డెక్కారు, ఆ నవంబరులో లారీ యజమానులు సరిహద్దు మూసి కూర్చున్నారు. 2025 ఆగస్టులో కొత్త అధ్యక్షుడు నవ్‌రోత్‌స్కీ ఉక్రెయిన్ శరణార్థుల సాయం బిల్లుని వీటో చేశాడు, పిల్లల భత్యం పనిచేసేవాళ్లకే ఇవ్వాలని. దానికి తోడు పాత పుండు ఒకటుంది: 1943లో వోలిన్ ప్రాంతంలో ఉక్రెయిన్ జాతీయవాద దళాలు పదుల వేల మంది పోలిష్ పల్లెజనాన్ని చంపాయి. మా టీమ్‌లో ఒకతని తాతమ్మ అందులోనే పోయింది. అతను ప్రతి నెలా ఉక్రెయిన్ సైన్యానికి డ్రోన్ల కోసం డబ్బు పంపుతాడు, ప్రతి జులై 11న వోలిన్ మృతుల కోసం దీపం పెడతాడు. ‘ఇదేంటి?’ అంటే నన్ను వింతగా చూశాడు, ‘ఇందులో తేడా ఏముంది?’ అన్నట్టు.

దీన్ని మన చానెళ్లు ‘పోలండ్ ఉక్రెయిన్‌కి హ్యాండ్ ఇచ్చింది’ అని చూపిస్తాయి. అది తప్పు. ఉక్రెయిన్ వాళ్ల మీద విసుగు వేరు, రష్యా అంటే భయం వేరు. మొదటిది పెరిగినా రెండోది గుండుసూదంత తగ్గలేదు. 2025 సెప్టెంబరు 10 తెల్లవారుజామున ఇరవై దాకా రష్యా డ్రోన్లు పోలండ్ ఆకాశంలోకి వచ్చాయి, కొన్నిటిని కూల్చారు, వార్సాతో సహా నాలుగు విమానాశ్రయాలు కాసేపు మూసేశారు. మా అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసే వేళకి నాకసలు విషయమే తెలియదు. శరణార్థుల గురించి రోజూ గొణిగే మా మూలమీది కిరాణా కొట్టాయన ఆ పొద్దున్న అన్న మాట: “వాళ్లు అక్కడ నిలబడకపోతే ఇవాళ మన కొట్టు ఉండేది కాదు.” మర్నాడు మళ్లీ గొణుగుడు మొదలు.

ఇక మా పక్క ఫ్లాట్. ఖార్కివ్ నుంచి కొడుకుతో వచ్చినావిడ, లెక్కల టీచరు, ఇక్కడ ఆఫీసులు తుడిచే పనితో మొదలుపెట్టి ఇప్పుడు అకౌంట్స్ చేస్తోంది. 18 నుంచి 60 ఏళ్ల మగవాళ్లని అప్పట్లో దేశం దాటనివ్వలేదు, భర్త అక్కడే ఉండిపోయాడు. ఆమె ఫోన్‌లో సైరన్ యాప్ ఉంది. ఖార్కివ్‌లో వైమానిక దాడి హెచ్చరిక రాగానే ఇక్కడ అదీ మోగుతుంది. నువ్వు క్రాకోవ్‌లో ఉన్నావు కదా, ఖార్కివ్ ఎందుకు పెట్టుకున్నావు అని ఒకసారి తెలివితక్కువగా అడిగాను. “ఆయన నిద్రలేచాడో లేదో చూడాలిగా” అంది. మా గోడ పల్చన. రాత్రి రెండింటికి ఆ కూత, తర్వాత కెటిల్ చప్పుడు, తర్వాత మెసేజ్ వచ్చిన టింగ్. టింగ్ వినిపించాక నేనూ పడుకుంటాను.

ఆమె మాతృభాష రష్యన్. అవును, ‘రష్యన్ మాట్లాడేవాళ్లని కాపాడ్డానికే వచ్చాం’ అని మాస్కో చెప్పే ఆ జనంలో మనిషే. ఖార్కివ్‌లో ఎక్కువమంది అలాంటివాళ్లే. ఇప్పుడు వీధిలో కొడుకుతో ఉక్రెయినియన్‌లో మాట్లాడుతుంది, తడబడుతూ, వాడు దిద్దుతుంటాడు. కోపమొస్తే మాత్రం రష్యన్‌లోనే తిడుతుంది. పిన్ని కూతురు బెల్గొరోద్‌లో ఉంది. సరిహద్దుకి అటువైపు, ఖార్కివ్‌కి ఓ ఎనభై కిలోమీటర్లు, మనకి తెనాలి నుంచి ఒంగోలు కూడా అంతకంటే దూరమే. మొదటి వారంలో బాంబు షెల్టర్‌లోంచి ఫోన్ చేస్తే ఆ చెల్లెలు “మావాళ్లు సైనిక స్థావరాల్నే కొడుతున్నారు, ఇళ్లని కొట్టేది మీవాళ్లే” అందట. ఆ తర్వాత మాటల్లేవు. బాంబుల కన్నా ఆ ఫోన్ గురించి చెప్పేటప్పుడే ఆమె గొంతు మారుతుంది.

రష్యా జనం గురించి కూడా అడుగుతారు కాబట్టి చెప్తాను. 2022 మార్చి నుంచి అక్కడ సైన్యం గురించి ‘తప్పుడు సమాచారం’ చెప్తే పదిహేనేళ్ల దాకా జైలు. యుద్ధం అనకూడదు, ‘ప్రత్యేక సైనిక చర్య’ అనాలి. అలాంటి చోట ఎవరో ఫోన్ చేసి ‘మీరు సమర్థిస్తున్నారా?’ అంటే ఎవరేం చెప్తారు? అలాగని అందరూ భయంతోనే తలూపుతున్నారని కూడా నేను నమ్మను. మా కంపెనీలో పీటర్స్‌బర్గ్ కుర్రాడొకడు, 2022 సెప్టెంబరులో మూడు లక్షల మందిని సైన్యంలోకి పిలిచినప్పుడు జార్జియా పారిపోయాడు. వాళ్ల నాన్న వాణ్ణి పిరికివాడని మాట్లాడడం మానేశాడు. జార్జియాలో గోడల మీద ‘రష్యన్లు వెళ్లిపోండి’ అన్న రాతలు. 2008లో రష్యాతో యుద్ధం చూసిన దేశం, ఐదో వంతు నేల ఇప్పటికీ జార్జియా చేతిలో లేదు. ఇంట్లో ద్రోహి, బయట శత్రువు. వాణ్ణి తలుచుకుంటే జాలేస్తుంది.

పక్క దేశాలన్నీ ఒకటే మాట మీద ఉన్నాయా అంటే లేవు. హంగరీలో ఓర్బాన్ ప్రభుత్వం తమ నేల మీదుగా ఆయుధాలు పోనివ్వలేదు. చవక గ్యాస్ ఒక కారణం, ఉక్రెయిన్‌లో ఉన్న హంగేరియన్ల బడుల్లో భాష గొడవ ఇంకోటి. ఫిన్లాండ్‌ది దీనికి పూర్తిగా ఎదురు. రష్యాతో 1,340 కిలోమీటర్ల సరిహద్దు పెట్టుకుని దశాబ్దాలు ఏ సైనిక కూటమిలోనూ చేరలేదు. యుద్ధానికి ముందు నాటో కావాలన్నవాళ్లు పాతిక శాతం చుట్టూ ఉండేవాళ్లు, మూడు నెలల్లో నాలుగింట మూడొంతులు దాటారు, 2023 ఏప్రిల్లో చేరిపోయారు. ‘నాటో విస్తరణని ఆపడానికే యుద్ధం’ అనే మా నాన్నకి ఈ లెక్క చెప్తే టాపిక్ మార్చి మిర్చి రేటు మాట్లాడతారు. కజకస్తాన్ మాస్కోకి మిత్రదేశమే, అయినా 2022 జూన్‌లో వాళ్ల అధ్యక్షుడు టొకాయెవ్ పుతిన్ పక్కనే వేదిక మీద కూర్చుని, తూర్పు ఉక్రెయిన్‌లో రష్యా నిలబెట్టిన దోనెత్స్క్, లుహాన్స్క్ ‘రిపబ్లిక్‌ల’ని గుర్తించనని చెప్పాడు.

2023లో ఎస్టోనియాలోని నార్వా చూశాను. నదికి ఇటు ఒక కోట, అటు రష్యాలో ఇంకో కోట, మధ్యలో వంతెన. ఊళ్లో దాదాపు అందరూ రష్యన్ మాట్లాడేవాళ్లే. ఆ మే 9న ఇటు కోట గోడకి పుతిన్ యుద్ధ నేరస్థుడని పెద్ద పోస్టర్ వేలాడదీశారు, అటు ఒడ్డున హిట్లర్ మీద గెలిచిన విజయోత్సవ కచేరీ పెట్టి తెర ఇటు తిప్పారు. ఊరివాళ్లు నది ఒడ్డున నిలబడి ఆ కచేరీ చూశారట, వెనక ఈ పోస్టర్. నేను బస చేసిన చోట పెద్దాయన్ని మీరెటు అని అడిగితే, “నా పెన్షన్ ఇటు, నా అక్క సమాధి అటు” అన్నాడు.

మనల్ని ఎలా చూస్తారని కూడా అడుగుతారుగా. 2022 మార్చి 2న ఐక్యరాజ్యసమితిలో 141 దేశాలు రష్యాని తప్పుపడితే, 5 వ్యతిరేకించాయి, 35 ఓటు వేయలేదు. ఆ 35లో మనం ఉన్నాం. మర్నాడు లంచ్‌లో ఆఫీసువాళ్లు ‘ఎందుకు?’ అని అడిగారు. నేను ఆయుధాలు, చైనా, 1971 అంటూ ఏదో చెప్పాను. తర్వాత చమురు గొడవ. యుద్ధానికి ముందు మన దిగుమతుల్లో రష్యా ముడిచమురు రెండు శాతం లోపు, తర్వాత మూడో వంతు దాటింది. యూరప్ కూడా గ్యాస్ కొంటూనే ఉంది కదా అని నేనూ ఎదురు తిరిగాను, అది నిజం కూడా. కానీ ఆ సాయంత్రం గోడ అవతల సైరన్ కూత వింటే, గెలిచిన వాదన గొంతులో అడ్డం పడింది.

మా ఓనరమ్మ మాత్రం ఇండియాని ఏమీ అననివ్వదు. వాళ్లమ్మతో పాటు సోవియట్ క్యాంపుల్లో పడిన అనాథ పిల్లల్ని 1942లో జామ్‌నగర్ మహారాజు దిగ్విజయ్‌సింహ్‌జీ చేరదీసి, బాలాచడిలో క్యాంపు కట్టించి పెంచాడు. వార్సాలో ఆయన పేరు మీద ‘మంచి మహారాజు’ కూడలి ఉంది, 2024లో మోదీ అక్కడికీ వెళ్లాడు. ఆ పుణ్యం నేను తింటున్నాను, అద్దె పెంచదు.

యుద్ధం ఎలా ఆగాలి అన్నదాని మీద కూడా మా నాన్నది ఒకటే మాట: కాస్త నేల ఇచ్చేసి ఊరుకోవచ్చుగా. మా పక్కింటావిడకి దాన్ని మెత్తగా మార్చి చెప్పాను. వాళ్ల మేనత్త కుప్యాన్స్క్‌లో ఉండేది, 2022లో ఆరు నెలలు రష్యా చేతిలో ఉన్న ఊరు. “ఆ నేలలో అత్తయ్య ఉంది” అంది, అంతే, ఇంకేం చెప్పలేదు. అదే మాట నాన్నకి చెప్పాను. కాసేపు ఫోన్‌లో ఏమీ లేదు. తర్వాత “నాటోది మాత్రం తప్పేరా” అన్నారు. ఇంకాసేపటికి, పెట్టేసే ముందు, “ఆ అమ్మాయి మొగుడు బాగున్నాడా?” అని అడిగారు. ఇప్పుడు ప్రతి ఆదివారం అడుగుతున్నారు.