పశుపక్షుల వైరస్‌లపై పరిశోధన: గైడ్ రికార్డును ఎలా చదవాలి?

ప్రశ్న: మేం బెంగళూరు యలహంకలో ఉంటాం. మా అమ్మాయి బీవీఎస్సీ (పశువైద్య డిగ్రీ) ఇంటర్న్‌షిప్‌లో ఉంది. వెటర్నరీ మైక్రోబయాలజీలో ఎంవీఎస్సీ, తర్వాత పీహెచ్‌డీ చేసి పశువులు, పక్షుల వైరస్‌లపై పనిచేస్తానంటోంది. తను చూసిన ఇద్దరు శాస్త్రవేత్తల్లో ఒకరికి 180 పేపర్లు, ఇంకొకరికి 45 ఉన్నాయి. ఎక్కువ పేపర్లున్నవారి దగ్గరే చేరమని అందరూ అంటున్నారు. అదే సరైనదా?

జవాబు: ఆ లెక్క చూసి నిర్ణయించకండి. ముందు ఆ పేపర్లలో ఆ శాస్త్రవేత్త పేరు ఏ వరుసలో ఉందో చూడండి. ఈ రంగంలో ల్యాబ్‌లో స్వయంగా ప్రయోగాలు చేసినవారి పేరు మొదట వస్తుంది. ల్యాబ్ నడిపే శాస్త్రవేత్త పేరు సాధారణంగా చివర, కరెస్పాండింగ్ ఆథర్‌గా (పేపర్‌పై ప్రశ్నలకు జవాబిచ్చే రచయితగా) ఉంటుంది. 180లో ఎక్కువ భాగం ఇరవై మంది మధ్యలో ఒక పేరుగా ఉంటే, నమూనాలు పంపినందుకు చేరిన పేరూ కావచ్చు. 45లో 30 చివరి పేరుగా ఉండి, మొదటి పేర్లు వేర్వేరు విద్యార్థులవైతే ఆ ల్యాబ్‌లో పిల్లలకు పేపర్లు దక్కుతున్నట్టే. దీన్ని నిర్ధారించుకోవడం తేలిక. థీసిస్‌లు దాచే వెబ్‌సైట్లయిన ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) వారి కృషికోశ్‌లోనూ, శోధ్‌గంగలోనూ గైడ్ పేరుతో థీసిస్‌లు వెతకండి. ఆ విద్యార్థుల పేర్లు తర్వాత రెండు మూడేళ్లలో పేపర్లపై మొదటి పేరుగా కనిపించాయా చూడండి.

వెతికేటప్పుడు రెండు చిక్కులొస్తాయి. రావు, రెడ్డి, కుమార్ లాంటి పేర్లకు ఇనీషియల్స్ ఒకటైతే గూగుల్ స్కాలర్ ఇద్దరి పేపర్లనూ కలిపేస్తుంది. ఒక్కో పరిశోధకుడికి విడిగా ఉండే ఆర్కిడ్ (ORCID) నంబరుతో సరిచూడండి. రెండోది, వైరస్‌ల పేర్లు మారుతూ వచ్చాయి. రాణీఖేత్ (కొక్కెర తెగులు) వైరస్ ఒక్కటే పేపర్లలో న్యూకాజిల్ డిసీజ్ వైరస్, ఏవియన్ పారామిక్సోవైరస్ 1, ఏవియన్ ఆర్థోఅవులావైరస్ 1, ఆర్థోఅవులావైరస్ జావాయెన్సే అనే పేర్లతో ఉంటుంది. ఒక్క పేరుతోనే వెతికితే సగం రికార్డు కనపడదు.

అసలు చూడాల్సింది పేపర్ లోపల ఉంది. ఇదే రాణీఖేత్‌ను తీసుకోండి. మన ఫారాల్లో కోళ్లకు లసోటా లాంటి జీవ వ్యాక్సిన్లు వేస్తారు. స్వాబ్‌లో పీసీఆర్ (వైరస్ జన్యుపదార్థాన్ని గుర్తించే పరీక్ష) పాజిటివ్ వచ్చిందంటే అది వ్యాక్సిన్ వైరసే కావచ్చు. అందుకే మంచి ల్యాబ్ అక్కడితో ఆగదు. 9 నుంచి 11 రోజుల పిండం ఉన్న గుడ్లలో వైరస్‌ను పెంచి, వైరస్‌ను గుర్తించే హెచ్ఏ, హెచ్ఐ పరీక్షలు చేసి, ఎఫ్ జన్యువులోని క్లీవేజ్ సైట్‌ను (వైరస్ ప్రోటీన్ తెగే చోటును) సీక్వెన్స్ చేస్తుంది, అంటే దాని అక్షరాల వరుస చదువుతుంది. అక్కడ పలు క్షార అమైనో ఆమ్లాలుండి, 117వ స్థానంలో ఫినైల్‌అలనిన్ ఉంటే తీవ్ర రకం. లేదంటే ఒకరోజు వయసు కోడిపిల్లల్లో రోగ తీవ్రత కొలిచే ఐసీపీఐ పరీక్ష విలువ 0.7 గానీ అంతకు మించి గానీ రావాలి. ఈ వివరం లేకుండా ‘వంద నమూనాల్లో ఇన్ని పాజిటివ్’ అనే పేపర్లే వరుసగా ఉంటే మీ అమ్మాయి అక్కడ పీసీఆర్ తప్ప పెద్దగా నేర్చుకోదు. సీక్వెన్స్‌లకు జెన్‌బ్యాంక్ (అందరూ చూడగల జన్యు సమాచార నిధి) నంబర్లు ఇచ్చారో లేదో కూడా చూడండి. ఇవ్వని పనిని ఇతరులు సరిచూడలేరు. వెనక్కి తీసుకున్న పేపర్లుంటే కారణం చదవండి. పేపర్లను ఇతరులు ఎంత ఉదహరించారో చెప్పే హెచ్-ఇండెక్స్ వయసుతో పెరిగే అంకె, దానికి నేను పెద్ద విలువివ్వను.

ఏ వైరస్ అన్నదాన్ని బట్టి చోటు మారుతుంది. బర్డ్ ఫ్లూ హెచ్5ఎన్1తో సజీవంగా పనిచేయాలంటే చాలా ఉన్నత స్థాయి జీవభద్రత ఉన్న ల్యాబ్ కావాలి. దేశంలో దాని నిర్ధారణకు రిఫరెన్స్ ల్యాబ్ భోపాల్‌లోని నిహ్‌సాడ్ (జాతీయ అత్యంత భద్రతా పశు వ్యాధుల సంస్థ). గాలికుంటుపై ఆసక్తి ఉంటే మీకు దగ్గర్లోనే హెబ్బాళలో ఐవీఆర్ఐ (భారత పశువైద్య పరిశోధన సంస్థ) క్యాంపస్ ఉంది. యలహంకలోని నివేదీ (పశు వ్యాధుల వ్యాప్తిపై పనిచేసే జాతీయ సంస్థ) రోగాల వ్యాప్తి లెక్కలకూ, ముందస్తు అంచనాలకూ పేరున్నది. అలాంటి చోట సర్వే పేపర్లు ఎక్కువగా రావడం సహజం, వాటిని తక్కువగా చూడొద్దు. గణాంకాలంటే ఇష్టమున్న అమ్మాయికి అది మంచి దారి.

ఒక మాట గుర్తుంచుకోండి: చాలా విశ్వవిద్యాలయాల్లో ఎంవీఎస్సీ గైడును సీటు వచ్చాక విభాగమే కేటాయిస్తుంది. కాబట్టి ఒక్క పేరు చూసి కాకుండా, విభాగంలో కనీసం ముగ్గురి రికార్డు బాగుందా చూసి కౌన్సెలింగ్‌లో ఆప్షన్ పెట్టండి. పీహెచ్‌డీ దగ్గర మాత్రం గైడ్ రిటైర్‌మెంట్‌కు ఇంకా నాలుగేళ్లకు పైగా ఉండాలి, నడుస్తున్న ప్రాజెక్టూ ఉండాలి. ప్రాజెక్టు లేని ల్యాబ్‌లో ఎస్‌పీఎఫ్ (నిర్దిష్ట రోగకారకాలు లేని) గుడ్లకూ, సీక్వెన్సింగ్‌కూ డబ్బు ఆగిపోయి థీసిస్ ఏడాది వెనక్కి పోతుంది.

ల్యాబ్‌కు వెళ్లినప్పుడు గైడును కాదు, అక్కడి విద్యార్థులను అడగమనండి: వైరస్‌ను చివరిసారి గుడ్డులో ఎప్పుడు పెంచారు, నమూనాలు ఐస్‌లో వస్తున్నాయా, మైనస్ 80 ఫ్రీజర్‌లోని వైరస్ స్టాక్‌లకు పాసేజ్ సంఖ్యతో (వైరస్‌ను ఎన్నిసార్లు తిరిగి పెంచారో తెలిపే అంకెతో) రిజిస్టర్ ఉందా, కరెంటు పోతే ఆ ఫ్రీజర్‌కు జనరేటర్ ఉందా.