సివిల్ చదివే అమ్మాయిని సైటుకు పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీటెక్ సివిల్ రెండో ఏడు చదువుతోంది. కాలేజీలో ఇండియన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ స్టూడెంట్ చాప్టర్‌లో, ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరతానంటోంది. సెలవుల్లో సైటుకు కూడా వెళ్తుందట. మార్కులు తగ్గుతాయేమో, గేట్ దెబ్బతింటుందేమో అని టెన్షన్‌గా ఉంది. వద్దని చెప్పమంటారా?
- ఒక తండ్రి, జనగామ

జవాబు: వద్దనకండి. తనంతట తాను అడిగిందంటే అది మంచి విషయం.

కాంక్రీటు సంగతే చూడండి. ఎం25 రకం కాంక్రీటు అంటే దాంతో చేసిన 150 మిల్లీమీటర్ల క్యూబు 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటన్ల బలం చూపాలని మీ అమ్మాయి పరీక్షలో రాస్తుంది, మార్కులు పడతాయి. సైటులో ఏమవుతుందంటే, మాలు గట్టిగా ఉందని, పని త్వరగా సాగాలని మేస్త్రీ ఇంకో బకెట్ నీళ్లు పోయిస్తాడు. సిమెంటు అంతే, నీళ్లు పెరిగాయి, బలం పడిపోయింది. స్లంప్ కోన్ అనే గరాటు లాంటి అచ్చులో మాలు నింపి, దాన్ని పైకెత్తి మాలు ఎంత జారిందో చూసి, ‘ఈ మాలు స్లాబుకు పనికిరాదు మేస్త్రీ గారూ’ అని ముప్పై ఏళ్లుగా ఆ పని చేస్తున్న మనిషికి నచ్చజెప్పాలి. అది ఏ సిలబస్‌లోనూ లేదు. ఎనిమిదికి పైగా సీజీపీఏ ఉన్న పిల్లలు కూడా కవర్ బ్లాకులు (ఇనుప కడ్డీల కింద పెట్టే చిన్న దిమ్మెలు) ఎందుకు పెడతారని అడిగితే తడబడటం మాక్ ఇంటర్వ్యూల్లో చూస్తుంటాను. నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే వాళ్లు కష్టపడి చదివినవాళ్లే.

ఎన్‌ఎస్‌ఎస్ అంటే రెండేళ్లలో 240 గంటలు, దాంతోపాటు వారం రోజుల ఊరి క్యాంపు. ఆ క్యాంపుకు ల్యాబ్ నుంచి ఎత్తుపల్లాలు కొలిచే ఆటో లెవెల్ పరికరాన్నీ, దాంతో వాడే కొలత కర్రనూ (స్టాఫ్) అడిగి తీసుకెళ్లమనండి. ఊళ్లో నీళ్లు నిలిచే మురుగు కాలువకు వాటం సరిగా ఉందో లేదో కొలిచి, లెక్క కట్టి, పంచాయతీకి ఒక పేజీ రాసివ్వాలి. నాకైతే పది సర్టిఫికెట్ల కంటే ఆ ఒక్క పేజీ విలువైనది.

చాప్టర్‌లో పదవుల జోలికి ఇప్పుడే వెళ్లొద్దు, పోస్టర్లకూ మీటింగులకూ సాయంత్రాలన్నీ పోతాయి. సెప్టెంబర్ 15 ఇంజినీర్స్ డే నాడు సభ పెట్టే బదులు గండిపేటకు వెళ్దామని అడగమనండి. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య సూచనతో కట్టి, 1920లో పూర్తిచేసిన ఉస్మాన్ సాగర్ జలాశయం అది. గట్టు మీద నిలబడితే హైడ్రాలజీ పాఠం తేలిగ్గా ఎక్కుతుంది.

గేట్ మూడో ఏడు నుంచి రాయొచ్చు. సర్వేయింగ్, ఆర్‌సీసీ, సాయిల్ మెకానిక్స్ అందులోనూ ఉన్నాయి కాబట్టి సైటులో చూసింది వృథా కాదు. బ్యాక్‌లాగ్ పడితే మాత్రం ఆ సెమిస్టర్ అన్నీ ఆపేయాలి, ఇది ముందే మాట్లాడుకోండి.

సైటుకు ఒంటరిగా కాకుండా ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లాలి. అక్కడి ఇంజినీరుతో మీరు ఒకసారి ఫోన్లో మాట్లాడండి. హెల్మెట్ వాళ్లిస్తారో లేదో కనుక్కోండి, సేఫ్టీ షూస్ మాత్రం మీరే కొనివ్వండి.