నిఘా యంత్రాలు అమ్మే కంపెనీని మానేస్తే దానికి తగులుతుందా?

మీరు అడిగినవి రెండు. నిరంకుశ ప్రభుత్వాలకు నిఘా సాధనాలు అమ్మే టెక్నాలజీ కంపెనీలను మనలాంటి వినియోగదారులు బహిష్కరిస్తే ఏమైనా మారుతుందా అన్నది మొదటిది. ఇప్పటికే ఇంట్లో ఉన్న ఆ కంపెనీ వస్తువును ఏం చేయాలి అన్నది రెండోది.

నేను ఈ పని రెండు విధాలుగా చేశాను. ఒకసారి దుకాణంలో నిలబడి, మరొకసారి మా సంస్థ కొనుగోలు కమిటీలో కూర్చుని. మొదటిదానివల్ల నాకు తెలిసినంతలో ఏమీ జరగలేదు. రెండోదానివల్ల కొంచెం జరిగింది.

మొదటిది 2009 నాటి మాట. ఆ సంవత్సరం జూన్ 12న ఇరాన్‌లో అధ్యక్ష ఎన్నికలు జరిగాయి. ఫలితాలను నమ్మని జనం వీధుల్లోకి వచ్చారు. అరెస్టులు మొదలయ్యాక ఒక వార్త వచ్చింది: ఇరాన్ టెలికాం సంస్థకు ఫోన్ సంభాషణలు వినే పర్యవేక్షణ కేంద్రాన్ని నోకియా సీమెన్స్ నెట్‌వర్క్స్ 2008లో అమ్మిందని. నోకియా ఫోన్లు కొనవద్దని ఇరానీయులు ఒకరికొకరు చెప్పుకున్నారు. గిరాకీ సగానికి పడిపోయిందని టోకు వర్తకులే విలేకరులకు చెప్పారు.

సరిగ్గా అప్పుడే నేను కొత్త ఫోను కొనబోతున్నాను. ఏ మోడలో కూడా ఖాయం చేసుకున్నాను. వార్త చదివి మానేసి, ఇంకో కంపెనీది కొన్నాను. వాడినన్నాళ్లూ అది నాకు నచ్చలేదు. త్యాగం చేశానన్న తృప్తి మాత్రం మిగిలింది. అయితే నేను ఎందుకు కొనలేదో దుకాణదారుకు చెప్పలేదు, కంపెనీకి ఒక ముక్క రాయలేదు. వాళ్ల లెక్కల్లో నేను ధర నచ్చక వెళ్లిపోయిన మనిషికీ, రంగు నచ్చక వెళ్లిపోయిన మనిషికీ మధ్య ఎక్కడో కలిసిపోయి ఉంటాను. నోరు విప్పకుండా మానేయడం ఉపవాసం అవుతుంది గాని బహిష్కరణ కాదు.

ఇంకో సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నిఘా కేంద్రం అమ్మినది ఫోన్లు తయారుచేసే విభాగం కాదు, నోకియా, సీమెన్స్ కలిసి పెట్టిన నెట్‌వర్క్ సంస్థ. పైగా మేము ఆగ్రహించేనాటికే, అంటే 2009 మార్చి చివరికే, ఆ నిఘా వ్యాపారాన్ని వాళ్లు పెరూసా అనే పెట్టుబడి నిధికి అమ్మేశారు. అది ట్రోవికార్ అని పేరు మార్చుకుంది. దానికి గిరాకీ ప్రభుత్వాల నుంచే. మీరూ నేనూ దాని దగ్గర కొనడానికి ఏమీ ఉండదు, మానేయడానికీ ఏమీ ఉండదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించామన్నమాట.

అయినా దుత్త పగిలిన చప్పుడు అత్తకు వినబడింది, అది కూడా చెప్పాలి. 2010 జూన్‌లో ఆ నెట్‌వర్క్ సంస్థ ప్రతినిధి యూరోపియన్ పార్లమెంటు ముందుకు వచ్చి, ఇరాన్‌లో తలెత్తగల సమస్యలను ముందే బాగా అర్థం చేసుకుని ఉండవలసిందని ఒప్పుకున్నాడు. అదే పని పేరు తెలియని చిన్న కంపెనీ చేసి ఉంటే పార్లమెంటు దాకా వచ్చేదా అని నా అనుమానం. ప్రతి జేబులోనూ ఆ పేరు ఉండటం వల్లనే అంత గొడవ అయింది. ఇక ఇరానీయులు నాకంటే తెలివైన పని ఇంకొకటి చేశారు. నిఘా పెట్టించిన టెలికాం సంస్థకే డబ్బు వెళ్లకుండా ఎస్‌ఎంఎస్‌లు పంపడం తగ్గించారు. దెబ్బ గురి చూసి కొట్టడమంటే అదీ.

ఈ రకం బహిష్కరణల్లో నేను అన్నిటికంటే ఎక్కువగా తలచుకునేది పోలరాయిడ్‌ది. 1970లో అమెరికాలో ఆ కంపెనీలో పనిచేసే కెరోలిన్ హంటర్, కెన్ విలియమ్స్ అనే ఇద్దరు నల్లజాతి ఉద్యోగులు తమ కార్యాలయంలోనే ఒక నమూనా గుర్తింపు కార్డు చూశారు. దాని మీద దక్షిణాఫ్రికా గనుల శాఖ పేరుంది. అక్కడ నల్లవారు ఎక్కడ తిరగాలో, ఎక్కడ తిరగకూడదో తేల్చే పాస్‌బుక్కుల ఫోటోలకు తమ కంపెనీ కెమెరాలు, ఫిల్మ్ వాడుతున్నారని వాళ్లకు అర్థమైంది. గోడల మీద కరపత్రాలు అంటించడంతో మొదలుపెట్టి, పోలరాయిడ్ వస్తువులు కొనవద్దని పిలుపునిచ్చారు. విలియమ్స్ ఉద్యోగం వదులుకున్నాడు. హంటర్‌ను 1971లో తీసేశారు. కంపెనీ మొదట మధ్యేమార్గం పట్టింది: ప్రభుత్వానికి అమ్మం, స్థానిక పంపిణీ సంస్థలో నల్లజాతి ఉద్యోగుల జీతాలు పెంచుతాం అంది. ఆ పంపిణీ సంస్థ మాత్రం లోలోపల ప్రభుత్వానికి అమ్ముతూనే ఉంది. 1977లో ఆ రహస్యం బయటపడ్డాక గాని పోలరాయిడ్ ఆ దేశం నుంచి పూర్తిగా తప్పుకోలేదు. ఏడేళ్లు పట్టింది. ఆరంభమూ ముగింపూ లోపలివాళ్లు చూసిన కాగితాలతోనే. కొనుగోలుదారులు ఆ కాగితాలకు బలం ఇచ్చారు.

ఇక నా రెండో అనుభవం. కొన్నేళ్ల క్రితం మా సంస్థ నెట్‌వర్క్‌లో వెబ్‌సైట్లను వడపోసే పరికరం కొనవలసి వచ్చింది. ఆ పరికరం అంటే ఏమిటో చెప్పాలి. వైరస్‌లు ఉన్న సైట్లను ఆపుతుంది, ఎవరు ఏ సైటుకు వెళ్లారో నమోదు చేస్తుంది. ఆఫీసులో అది భద్రత. అదే పెట్టెను ఒక దేశపు ఇంటర్నెట్ మొత్తానికి అడ్డంగా పెడితే సెన్సారు. పెట్టె మారదు, పెట్టేవాడు మారతాడు. ఎగుమతి నియమాలు రాసేవాళ్లకు తలనొప్పి తెచ్చేదీ ఇదే.

ఇలాంటి పరికరాలే తయారుచేసిన బ్లూ కోట్ సంగతి నాకు గుర్తుంది. 2011లో ఆ అమెరికా కంపెనీ పరికరాలు, అమెరికా ఆంక్షలున్న సిరియాలో కనిపించాయి. ఇరాక్ మంత్రిత్వ శాఖ కోసమని దుబాయ్ పంపిణీదారు ద్వారా వెళ్లినవి సిరియాకు చేరాయని కంపెనీ చెప్పింది. ఆ పంపిణీదారు మీద అమెరికా వాణిజ్య శాఖ 2013లో 28 లక్షల డాలర్ల జరిమానా వేసింది. నన్ను పట్టుకున్నది మాత్రం ఇంకో వివరం. అవి సిరియా నుంచి కంపెనీ సర్వర్లతోనే మాట్లాడుతున్నాయి. ఆపవలసిన సైట్ల కొత్త జాబితాలు తెచ్చుకోకపోతే ఇలాంటి పరికరం కొన్నాళ్లకు మొద్దుబారిపోతుంది. అంటే తన పెట్టె ఏ దేశంలో ఉందో తెలుసుకునే దారి అమ్మినవాడికి ఉంది. తెలియదు అంటే వెతకలేదని అర్థం.

అందుకని మా కమిటీ పంపే ప్రశ్నావళిలో మూడు ప్రశ్నలు చేర్చాను. ఏ ప్రభుత్వాలకు అమ్మకూడదో మీరు రాసి పెట్టుకున్న విధానం ఉందా? పంపిణీదారు ఇంకొకరికి అమ్మితే మీకు ఎలా తెలుస్తుంది? తెలిశాక అప్‌డేట్లు ఆపుతారా, ఇంతవరకు ఎప్పుడైనా ఆపారా? కమిటీలో ఒకాయన ఇది మన పనా అన్నాడు. పనే, డబ్బు మనది కదా అన్నాను.

2009లో నా మౌనానికి రాని స్పందన ఇప్పుడు మర్నాటికే వచ్చింది. ఒక కంపెనీ అమ్మకాల అధికారి ఫోను చేసి, ఈ ప్రశ్నలు ఎందుకని గంటసేపు మాట్లాడాడు. రెండో కంపెనీ చక్కని భాషలో ఏమీ చెప్పని పేజీ ఒకటి పంపింది. మూడోది జవాబే ఇవ్వలేదు. దాన్ని పక్కన పెట్టాం. నిజం చెప్పాలంటే దాని ధర కూడా ఎక్కువే, కాబట్టి ఇది మా నైతిక విజయమని నేను చెప్పుకోను. కాని రెండేళ్ల తర్వాత మళ్లీ టెండరు పిలిచినప్పుడు అదే కంపెనీ పత్రాల్లో మేము అడగకముందే ఈ విషయం మీద ఒక అనుబంధం కనిపించింది. మేమొక్కరమే అడిగి ఉండం.

ఫోన్లలోకి రహస్యంగా చొరబడే పెగాసస్ సాఫ్ట్‌వేర్ చేసిన ఎన్‌ఎస్‌ఓ గ్రూపు లాంటివాళ్లు ప్రభుత్వాలకే అమ్ముతామని చెప్పుకుంటారు, కాబట్టి వాళ్ల మీద దుకాణంలో మన కోపం పనిచేయదు. అక్కడ పనిచేసినవి కోర్టు కేసులు, 2021 నవంబరులో అమెరికా దాన్ని తన వాణిజ్య ఆంక్షల జాబితాలో చేర్చడం. ఇంటర్నెట్ రాకపోకలను వడపోసే పరికరాలు అమ్మిన శాండ్‌వైన్ కూడా అంతే. 2020లో బెలారస్ ఒప్పందాన్ని విమర్శలు ముదిరాక రద్దు చేసుకుంది. 2024లో అదే జాబితాకు ఎక్కిన తర్వాత 56 దేశాల నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది.

ఇంట్లో ఉన్న వస్తువును పారేయకండి. దాని డబ్బు ఎప్పుడో వాళ్లకు చేరింది. పాడయ్యేదాకా వాడండి, దాని అనుబంధ సేవలకు నెలనెలా కట్టేది ఉంటే అది ఆపండి, ఎందుకు ఆపారో రాయండి. మీరు పనిచేసే చోట, మీ పిల్లల బడిలో, మీ భవన సంఘంలో కెమెరాలో నెట్‌వర్క్ పరికరాలో కొంటుంటే ఆ గదిలోకి వెళ్లి కూర్చోండి. పైన రాసిన మూడు ప్రశ్నలూ యథాతథంగా వాడుకోవచ్చు. మూడోదానికి జవాబు ఆలస్యంగా వస్తుంది, గుర్తుచేస్తూ ఉండాలి.