సున్నా సున్నాని నమ్ముకోవద్దు అమ్మణ్ణీ

చిత్తూరు

అమ్మణ్ణీ,

సోమవారం తిరుపతిలో నీ మొదటి టీచింగ్ ప్రాక్టీసు క్లాసని, పాఠం అసమీకరణాల (సమానం బదులు ఎక్కువ, తక్కువ గుర్తులుండే లెక్కల) గ్రాఫులని మీ అమ్మ చెప్పింది. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. మన ఇంట్లో ఇంకొకరు చాక్‌పీసు పడతారని సంబరం. పట్టి ఏం పొరపాటు చేస్తావోనని దడ. వెనక బెంచీలో మీ లెక్చరర్ కూర్చుంటుందంట కదా.

మామూలు సంగతులు నీకు తెలుసు. గుర్తు బదులు సమానం పెట్టి గీత గీయడం. సమానం కలిసిన గుర్తుకు నిండు గీత, లేకుంటే చుక్కల గీత. రుణసంఖ్యతో భాగిస్తే గుర్తు తిరగబడుతుంది. ప్రతిదానికీ రంగు పూయొద్దు, మూడోదానికల్లా బోర్డు గంగమ్మ జాతర వేషం కట్టినట్టుంటుంది. ఏ పక్కో చిన్న బాణాలేసి, అన్నీ కలిసిన చోటే షేడ్ చెయ్యి. ఆ < > గుర్తులు ఇంగ్లండు లెక్కల పండితుడు థామస్ హారియట్ పోయిన పదేళ్లకు, 1631లో అచ్చయిన ఆయన పుస్తకంలో వచ్చినాయి. టైముంటే చెప్పు, లేకుంటే లేదు.

ఇది మాత్రం నిదానంగా చదువు.

ఉద్యోగం వచ్చిన కొత్తలో నాకు పొగరు జాస్తి. మీ పెద్దతాతకు బావి కింద ఆరెకరాలు. ఏ పంట ఎంతెయ్యాలో నేను లెక్కగట్టిస్తానని గ్రాఫు కాగితం పట్టుకుని కూర్చున్నా. చెరుకు ఎక్స్ ఎకరాలు, చెనిక్కాయ వై ఎకరాలు. రెండూ కలిపి 6 దాటకూడదు. "చెరుక్కి నీళ్లు శానా కావాల అబ్బోడా, చెరుకు ఎంతేస్తే దానికి రెండింతలన్నా చెనిక్కాయ ఉండాల" అన్నాడు. అంటే వై ≥ 2ఎక్స్. ఏ పక్క షేడ్ చెయ్యాలో చూడ్డానికి అలవాటుగా మూలబిందువు, అంటే (0, 0), పెట్టినా. 0 ≥ 0, సరిపోయింది. ఇంకేముంది, గీతకు కింద పక్క షేడ్ చేసేసినా. ఆ గీత మూలబిందువు మీదుగానే పోతుందని చూసుకోలా. గట్టు మీద నిలబడినోణ్ణి ఏ చేనోడని చెబుతావు?

చెరుకులో లాభం ఎక్కువ కదా, నా గ్రాఫు ఆరెకరాలూ చెరుకే వెయ్యమంది. అన్న కాగితం చూసి, "నీళ్లు కూడా దీంట్లోంచే పారిస్తావా?" అన్నాడు. నవ్వలేదు. నేను తగ్గలా. గ్రాఫు తప్పు చెప్పదని వదిన ముందర అరగంట వాదించినా. రాత్రి పడుకున్నాక (6, 0) పెట్టి చూసినా. 0 ≥ 12! లేచి కూర్చున్నా. మొదట్లోనే (1, 0) పెట్టుంటే ఆ పక్క కాదని తేలిపోయేది. సరైన మూల (2, 4). అన్న ఆ ఏడు రెండెకరాలు చెరుకు, నాలుగు చెనిక్కాయే వేసినాడు, నన్నడక్కుండానే. తప్పు నాదేనని ఆయన ఉన్నన్నాళ్లూ చెప్పలేకపోయినా.

నువ్వూ నాలాగే, ఎదురు చెబితే మొహం ముడుచుకునే రకం. అదే నా భయం. ఏ పిల్లోడన్నా "టీచర్, అటు కాదేమో" అంటే కసరొద్దు. వాడు చెప్పిన బిందువే బోర్డు మీద పెట్టి చూడు. వాడిది రైటైతే డస్టర్ తీసుకో.

ఖాళీ కడుపుతో పోవద్దు. రంగు చాక్‌పీసులు నువ్వే కొనుక్కుని పో, స్కూల్లో ఉంటాయనుకోకు. క్లాసయినాక ఫోన్ చెయ్యి. లెక్చరర్ ఏమన్నదీ తరవాత, పిల్లలు ఏం అడిగినారో ముందు చెప్పు.

నీ తాత