నగర హింసపై పరిశోధనను నడిపించే ఉద్యోగం మా అమ్మాయికి సరిపోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి సోషియాలజీ పీజీ చివరి సెమిస్టర్‌లో ఉంది. నగరాల్లో హింస, పేదరికం, అసమానతల మీద వేర్వేరు దేశాల్లో జరిగే పరిశోధనలను పర్యవేక్షించే ప్రోగ్రామ్ ఆఫీసర్ కావాలంటోంది. ఆ పని ఏమిటో మాకు అంతు పట్టడం లేదు. హింస అనే మాట వింటేనే టెన్షన్‌గా ఉంది. పీహెచ్‌డీ తప్పనిసరా? ఈ రంగానికి భవిష్యత్తు ఉందా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ పని ఏమిటో చూద్దాం. సగం భయం అక్కడే తగ్గుతుంది. మిగతా సగం గురించి కూడా దాచకుండా చెబుతాను.

ప్రోగ్రామ్ ఆఫీసర్ బస్తీల్లో తిరిగి సర్వే చేసే మనిషి కాదు. పరిశోధనకు డబ్బిచ్చే సంస్థలో కూర్చుని, ఆ డబ్బు సరైన ప్రశ్నకు, సరైన బృందానికి చేరేలా చూసే మనిషి. కెనడా పార్లమెంటు చట్టంతో 1970లో ఏర్పడిన అంతర్జాతీయ అభివృద్ధి పరిశోధన కేంద్రం (ఐడీఆర్‌సీ) ఇలాంటి సంస్థే. అది అప్పటి బ్రిటన్ అంతర్జాతీయ అభివృద్ధి శాఖతో కలిసి 2012లో ‘సేఫ్ అండ్ ఇన్‌క్లూజివ్ సిటీస్’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. దాని కింద 15 బృందాలు ఆఫ్రికా, దక్షిణాసియా, లాటిన్ అమెరికాల్లోని 40 నగరాల్లో పనిచేశాయి. ఒక బృందం కొలంబో, జాఫ్నా, కొచ్చిలలో అభివృద్ధి పనుల కోసం ఇళ్లు ఖాళీ చేయించిన కుటుంబాల పరిస్థితిని చూసింది. ఇంకొకటి అహ్మదాబాద్, గువాహటిలలో నగర ప్రణాళికకూ ఘర్షణలకూ ఉన్న సంబంధాన్ని పట్టుకుంది. ఇన్ని దేశాల పరిశోధకులను ఒక తాటి మీద నడిపించాలి. ప్రతిపాదనలు పిలవడం, నిపుణులతో పరిశీలింపజేయడం, ఒప్పందం రాయడం, విడతలవారీగా డబ్బు విడుదల చేయడం, నివేదికలు చదవడం, తేలిన విషయాలు మేయర్లకూ అధికారులకూ చేరేలా చూడటం... రోజులో ఎక్కువ భాగం చదవడం, రాయడం, మాట్లాడటంలోనే గడుస్తుంది.

ఆ చదవడంలోనే ఉంది అసలు నేర్పు. ‘పేదరికం ఉన్నచోట హింస ఉంటుంది’ అని మొదటి పేజీలోనే తేల్చేసే ప్రతిపాదనలు చాలా వస్తాయి. అది అంత తేలిగ్గా తేలే మాట కాదు. హత్యలు తక్కువగా జరిగే పేద దేశాలు చాలా ఉన్నాయి. ప్రపంచ జనాభాలో సుమారు 8 శాతం మాత్రమే ఉన్న లాటిన్ అమెరికా, కరీబియన్ ప్రాంతంలో ప్రపంచ హత్యల్లో దాదాపు మూడో వంతు జరుగుతాయి. కానీ ఆ దేశాలు ప్రపంచంలోకెల్లా పేదవి కావు, తీవ్రమైన అసమానతలున్నవి. కొలంబియాలోని మెడెలిన్‌లో కొండల మీది బస్తీలకు 2004లో కేబుల్ కారు వేశారు. దాంతోపాటు దీపాలు, దారులు, గ్రంథాలయాలు వచ్చాయి. తర్వాత జరిగిన అధ్యయనంలో, ఆ సౌకర్యాలు అందిన బస్తీల్లో హత్యల తగ్గుదల అందని బస్తీల కంటే 66 శాతం ఎక్కువని తేలింది. ఇలాంటి ఫలితం చూసి ‘అయితే ప్రతి నగరంలో కేబుల్ కారు వేద్దాం’ అనేవారు ఒకరకం. ‘ఆ మార్పులో కేబుల్ కారు పాత్ర ఎంత, దీపాల పాత్ర ఎంత, ముఠాల మధ్య ఒప్పందాల పాత్ర ఎంత’ అని ఆగి అడిగేవారు ఇంకోరకం. మీ అమ్మాయి రెండో రకమైతే ఈ పనికి పుట్టిన మనిషే అంటాను.

ఇక ప్రమాదం సంగతి. అది ఎక్కువగా ఆఫీసర్‌కు కాదు, ఇంటింటికీ తిరిగే పరిశోధకులకూ, జవాబు చెప్పేవారికీ. వాళ్లను కాపాడే బాధ్యత మాత్రం ఆఫీసర్‌కూ ఉంటుంది. ఒకే గది ఉన్న ఇంట్లో ఒక మహిళను ‘మిమ్మల్ని భర్త కొడతాడా’ అని అడుగుతున్నారనుకోండి. మధ్యలో అత్తగారో భర్తో లోపలికి వస్తే? ఆ క్షణంలో పరిశోధకురాలు కాగితం తిప్పేసి పిల్లల ఆరోగ్యం గురించి, తాగునీటి గురించి అడగడం మొదలుపెట్టాలి. ఆ రెండో ప్రశ్నపత్రాన్ని ముందే సిద్ధం చేసుకోవాలి. గృహహింస పరిశోధనకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఇచ్చిన నైతిక, భద్రతా సూచనల్లో ఇలాంటి జాగ్రత్తలు ఉన్నాయి. ప్రతిపాదన చదివే ఆఫీసర్ అడగాల్సిన ప్రశ్నలు కూడా ఇవే: రెండో ప్రశ్నపత్రం ఉందా? బృందం చీకటి పడకముందే తిరిగి రావడానికి బడ్జెట్‌లో వాహనం ఖర్చు వేశారా? పేర్లు, ఫోన్ నంబర్లు ఇంటర్వ్యూ రికార్డుల నుంచి విడిగా దాస్తారా? రోజంతా ఇలాంటి కథలు విని వచ్చే యువ పరిశోధకులకు కౌన్సెలింగ్ ఏర్పాటుందా?

మ్యాపుల విషయం ఇంకా సున్నితం. ‘నేరాలు ఎక్కువగా జరిగే వీధులు’ అని రంగు వేసి ప్రచురించిన మ్యాపు ఆ వీధివాళ్లకు ఉద్యోగాలు రాకుండా చేయవచ్చు, పోలీసు దాడులకో, ఇళ్ల కూల్చివేతకో సాకు కావచ్చు. మేలు చేద్దామని బయలుదేరిన పరిశోధనే కీడు చేస్తుంది. ఈ ఒక్క విషయం మీద ఆఫీసర్ గట్టిగా నిలబడాలి. ప్రచురణ ఆలస్యమైనా, ప్రొఫెసర్‌గారు నొచ్చుకున్నా సరే.

అందుకే పీజీ అవగానే నేరుగా మేనేజ్‌మెంట్ ఉద్యోగానికి వెళ్లవద్దని నా సలహా. ఫీల్డ్ చూడని మనిషికి బడ్జెట్‌లో ఏ లైను లేదో కనిపించదు. ముందు రెండు మూడేళ్లు రీసెర్చ్ అసిస్టెంట్‌గా, ఫీల్డ్ సూపర్‌వైజర్‌గా చేయనివ్వండి. సర్వే డేటాను విశ్లేషించడం, లోతైన ఇంటర్వ్యూలు చేయడం రెండూ రావాలి. ఒకటే వస్తే సగం ప్రతిపాదనలను అంచనా వేయడం తన వల్ల కాదు. లెక్కలంటే చిరాకు పడకూడదు, గ్రాంటు డబ్బులో ప్రతి పైసాకూ జవాబు చెప్పుకోవాలి. స్పానిష్ గానీ ఫ్రెంచ్ గానీ నేర్చుకుంటే తలుపులు ఇంకొన్ని తెరుచుకుంటాయి.

పీహెచ్‌డీ మొదటి మెట్టు మీద తప్పనిసరి కాదు. పై స్థాయి పోస్టులకు చాలాచోట్ల అడుగుతారు, లేదా ఉన్నవారి వైపు మొగ్గుతారు. పనిచేస్తూ తనకంటూ ఒక ప్రశ్న దొరికాక చేస్తే అది ఉత్త డిగ్రీగా మిగలదు, పనికొస్తుంది. ఇంకో పీజీ చేయాలనుకుంటే నగర ప్రణాళిక, ప్రజారోగ్యం, అభివృద్ధి అధ్యయనాల్లో ఏదైనా బాగుంటుంది.

భవిష్యత్తు గురించి అడిగారు. ఇక్కడ తీపి మాటలు చెప్పను. పైన చెప్పిన బ్రిటన్ శాఖ 2020లో విదేశాంగ శాఖలో కలిసిపోయింది. బ్రిటన్ విదేశీ సహాయాన్ని జాతీయాదాయంలో 0.7 శాతం నుంచి 2021లో 0.5కు తగ్గించింది, 2027కల్లా 0.3కు తెస్తానని ప్రకటించింది. అమెరికాలో విదేశీ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ 2025లో మూతపడింది. ఉద్యోగాలు చాలావరకు ప్రాజెక్టు ఉన్నంతకాలం ఉండే కాంట్రాక్టులు. ఒక్క సంస్థను, ఒక్క హోదాను నమ్ముకుని కూర్చుంటే కష్టం. కానీ సంక్లిష్టమైన పరిశోధనను భద్రంగా నడిపించడం వచ్చినవాళ్లు ప్రజారోగ్య సంస్థల్లో, ఫౌండేషన్లలో, పథకాల ఫలితాలను మదింపు చేసే సంస్థల్లో, నగరాల మీద పనిచేసే ఐక్యరాజ్య సమితి సంస్థ యూఎన్-హాబిటాట్ లాంటి చోట్ల కూడా పని వెతుక్కోగలరు. ఇంటి ఆర్థిక పరిస్థితి మొదటి జీతం మీదే ఆధారపడి ఉంటే ఆ మాట తనతో ఇప్పుడే చెప్పండి. అప్పుడు స్థిరమైన ఉద్యోగం ఒకటి చూసుకుని ఈ దారిలోకి నిదానంగా రావచ్చు.

ఇప్పటికి ఒక పని చేయించండి. ఇలాంటి పరిశోధనల తుది నివేదికలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒకటి పూర్తిగా చదివి, ఒక మున్సిపల్ కమిషనర్ అయిదు నిమిషాల్లో చదవగలిగేలా రెండు పేజీల నోట్ రాయమనండి. రాసింది మీరు చదవండి. మీకు అర్థం కాకపోతే కమిషనర్‌కూ అర్థం కాదు.

మొదటి ఫీల్డ్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు ఈ మూడు సంగతులు తనే అడగాలి: ఫీల్డ్‌లో ఉన్నప్పుడు బీమా ఉందా, రోజూ తిరిగొచ్చాక ఎవరికి ఫోన్ చేయాలి, పరిస్థితి బాగాలేదనిపిస్తే సర్వే ఆపేసే అధికారం అక్కడికక్కడ ఎవరికుంది. మూడో ప్రశ్నకు ‘హెడ్డాఫీసును అడగాలి’ అంటే ఆ ఉద్యోగంలో చేరనివ్వకండి.