‘ఫస్ట్ కాపీ’ అని చెప్పే అమ్మాను, నాపై కేసు నిలుస్తుందా?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. తెల్లవారుజామున నార్సింగి వైపు సోలార్ కప్పున్న సైకిల్ ట్రాక్ మీద రైడింగ్‌కు వెళ్తుంటాను. అమ్మ ఆపరేషన్ కోసం చేసిన అప్పు తీర్చడానికి ఏడాది కిందట ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ పెట్టి సైక్లింగ్ జెర్సీలు, బిబ్ షార్ట్స్ (భుజాల మీద పట్టీలు, సీటు దగ్గర మెత్తటి ప్యాడ్ ఉండే సైక్లింగ్ నిక్కర్లు) అమ్మడం మొదలుపెట్టాను. టెలిగ్రామ్‌లో పరిచయమైన హోల్‌సేలర్ దగ్గర ఒక ఇటలీ బ్రాండ్ లేబుల్ ఉన్న సరుకు ఒక్కోటి 850 రూపాయలకు కొని 1,600కు అమ్మాను. అసలుది పది వేలు దాటుతుంది. పేజీలో ‘ఫస్ట్ కాపీ’ అని, అంటే అసలుదానిలా ఉండే నకలు అని స్పష్టంగా రాశాను, ఎవరినీ మోసం చేయలేదు. ఇప్పటికి 58 అమ్మాను, ఇంకో 22 ఇంట్లో ఉన్నాయి. పది రోజుల కిందట ఢిల్లీ నుంచి ఆ కంపెనీ లాయర్ నోటీసు వచ్చింది. అమ్మకం ఆపి, సరుకు అప్పగించి, లెక్కలు చూపి, 15 రోజుల్లో 5 లక్షలు కట్టాలట. నా దగ్గర బిబ్ షార్ట్స్ కొన్న ఒక మేడమ్ ప్యాడ్ ఒరుసుకుని పుండ్లు పడ్డాయని, కన్జ్యూమర్ కేసు వేస్తానని అంటున్నారు. పేజీ డిలీట్ చేసి, తెలిసిన బట్టల షాపులో పాత తేదీతో బిల్లు తీసుకుంటే బయటపడతానని, ఏడాది గడిస్తే కేసు చెల్లదని మిత్రుడు చెబుతున్నాడు. బట్టకు పది వేలు గుంజే కంపెనీది తప్పు కాదా? నాకు జైలు పడుతుందా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఇక్కడ కుదించి ఇచ్చిన మీ ఉత్తరంలో ఎక్కువ భాగం అప్పు గురించి, ఆపరేషన్ గురించే ఉంది. కేసును తేల్చేది అది కాదు. మీరు జతచేసిన స్క్రీన్‌షాట్లలో చివరిది చూడండి. ఆ మేడమ్ ‘ఇది ఒరిజినలేనా?’ అని అడిగారు. మీరిచ్చిన జవాబు: ‘అదే ఫ్యాక్టరీ మాల్ మేడమ్, ఎక్స్‌పోర్ట్ సర్‌ప్లస్, అందుకే రేటు తక్కువ.’ అంటే ఎగుమతి చేయగా మిగిలిన అసలు సరుకేనని.

పేజీలో ఒక మాట, చాట్‌లో ఇంకో మాట. ఈ రెండూ మీరు రాసినవే, రెండూ తేదీ, సమయంతో సహా అవతలివాళ్ల ఫోన్లలో ఉన్నాయి. మీరు ఏం తెలిసి అమ్మారు, కొన్నవాళ్లకు ఏం చెప్పి అమ్మారు అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. దానికి సాక్ష్యం మీరే తయారుచేసి పెట్టారు.

ముందు కంపెనీ సంగతి. ‘ఫస్ట్ కాపీ’ అని రాశాను కాబట్టి మోసం లేదని మీరు అనుకుంటున్నారు. ఇదే మాట ‘మిర్రర్ కాపీ’, ‘7ఎ క్వాలిటీ’ అని రాసి వాచీలు, బూట్లు అమ్మేవాళ్లు కూడా చెబుతారు. ఆ మాట కొనేవాడితో మీకున్న లావాదేవీలో కొంత పనికొస్తుందేమో గానీ, లేబుల్ సొంతదారు ముందు అది మీ ఒప్పుకోలు. ట్రేడ్ మార్క్స్ చట్టం, 1999లో సెక్షన్ 104 తప్పుడు మార్కు ఉన్న సరుకు అమ్మినవాడినే కాదు, అమ్మకానికి పెట్టినవాడిని, అమ్మడం కోసం దగ్గర ఉంచుకున్నవాడిని కూడా శిక్షిస్తుంది. ఆరు నెలలకు తగ్గని, మూడేళ్ల వరకు జైలు, 50 వేలకు తగ్గని, 2 లక్షల వరకు జరిమానా. మీ అల్మారాలో ఉన్న 22 కూడా ఈ సెక్షన్ కిందికే వస్తాయి.

అదే సెక్షన్ అమ్మినవాడికి కొన్ని దారులు కూడా ఇచ్చింది. తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాను, మార్కు నకిలీ అని అనుమానించే కారణమే నాకు లేదు అని రుజువు చేసుకోవచ్చు. ఈ దారిని మీరే మూసేసుకున్నారు. పది వేల వస్తువు 850కి వస్తే అనుమానం రాలేదంటే ఏ కోర్టూ నమ్మదు, పైగా ‘కాపీ’ అని మీ చేత్తోనే రాశారు. ఇంకో దారి, సరుకు ఎవరి దగ్గర కొన్నారో అడిగినప్పుడు మీకు తెలిసిన వివరాలన్నీ ఇవ్వడం. మీకు మిగిలింది ఇదొక్కటే.

ఇక్కడే మీ మీద నాకు కోపం వస్తోంది. ఏడాది పాటు వ్యాపారం చేసి ఒక్క బిల్లు తీసుకోలేదు. పార్సిళ్ల అట్టపెట్టెలు పారేశానని రాశారు. ఆ పెట్టెల మీద పంపినవాడి అడ్రసు, కొరియర్ నంబరు ఉండేవి. హోల్‌సేలర్ అసలు పేరు కూడా మీకు తెలియదు, టెలిగ్రామ్‌లో పెట్టుకున్న పేరు తప్ప. ఉద్యోగంలో ప్రతి మార్పుకూ రికార్డు పెట్టే మనిషి సొంత డబ్బు విషయంలో ఇంత అశ్రద్ధగా ఎలా ఉన్నారు? అయినా అంతా పోలేదు. ప్రతిసారీ యూపీఐలో డబ్బు పంపారు కదా, ఆ ఐడీ వెనక బ్యాంకు ఖాతా ఉంటుంది. కొరియర్ ట్రాకింగ్ మెసేజ్‌లు ఫోన్‌లో ఉండి ఉంటాయి. టెలిగ్రామ్ చాట్ ఉంది. అవతలివాడు ఆ చాట్‌ను మీ ఫోన్‌లో నుంచి కూడా చెరిపేయగలడు కాబట్టి ఈ రోజే భద్రపరచండి.

ఇప్పుడు మీ మిత్రుడి సలహా. పాత తేదీతో బిల్లు అనే ఆలోచనను ఇక్కడితో వదిలేయండి. ఇప్పటిదాకా మీ మీద ఉన్నది గరిష్ఠంగా మూడేళ్ల శిక్ష ఉన్న నేరం. దొంగ బిల్లు సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 336 కింద ఫోర్జరీ, దాన్ని నోటీసు జవాబుకో కోర్టు కాగితాలకో జతచేస్తే దొంగ పత్రాన్ని అసలుదిగా వాడినందుకు సెక్షన్ 340. మోసం కోసం చేసిన ఫోర్జరీకి ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. సరుకు కదలకుండా బిల్లు ఇవ్వడం జీఎస్టీ చట్టంలో తప్పు, అంటే సాయం చేయబోయిన షాపు ఆయన కూడా ఇరుక్కుంటాడు. ఆ తేదీకి మీ యూపీఐ నుంచి ఆ షాపుకు పైసా వెళ్లలేదని బ్యాంకు స్టేట్‌మెంట్ ఒక్క నిమిషంలో చెబుతుంది.

పేజీ డిలీట్ చేయడం కూడా అంతే. నోటీసు అందాక ఎలక్ట్రానిక్ రికార్డును నాశనం చేస్తే సంహితలోని సెక్షన్ 241 కింద వేరే కేసు. కంపెనీ లాయర్లు ముందే పేజీని కాపీ చేసి, తమ మనిషితో ఒక జెర్సీ కొనిపించి, ఆ తర్వాతే నోటీసు పంపి ఉంటారు. ఇలాంటి కేసుల్లో మామూలుగా జరిగేది అదే. మీరు చెరిపేస్తే పోయేది మీకు పనికొచ్చే సాక్ష్యమే. పోస్టులు బయటికి కనబడకుండా చేయడం వేరు, చెరిపేయడం వేరు. ముందు ఇన్‌స్టాగ్రామ్ నుంచి మీ ఖాతా డేటా మొత్తం డౌన్‌లోడ్ చేసుకోండి, ప్రతి పోస్టుకూ తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీయండి, ఆ తర్వాత అన్నింటినీ ఆర్కైవ్‌లోకి మార్చండి. అమ్మకానికి పెట్టి ఉంచడం కూడా నేరమే కాబట్టి ఇది ఈ రాత్రికే కావాలి. ఫోన్ మార్చకండి, రీసెట్ చేయకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, అసలు ఫోన్ ఉంటే ఆ పని తేలిక.

ఏడాది గడిస్తే కేసు చెల్లదన్న మాట ఎక్కడ పుట్టిందో గానీ, చట్టంలో లేదు. ట్రేడ్ మార్కు నేరానికి సెక్షన్ 118 ప్రకారం నేరం జరిగిన నాటి నుంచి మూడేళ్లు, లేదా ఫిర్యాదుదారు దాన్ని కనిపెట్టిన నాటి నుంచి రెండేళ్లు, ఏది ముందు ముగిస్తే అది. నష్టపరిహారానికి సివిల్ దావా వేయడానికి మూడేళ్లుంది, అదీ ప్రతి అమ్మకానికీ కొత్తగా మొదలవుతుంది. కన్జ్యూమర్ ఫిర్యాదుకు రెండేళ్లు, సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కూడా కమిషన్‌కు ఉంది. ఎటు చూసినా కళ్లు మూసుకుని కూర్చుంటే తీరే గడువు కాదు.

జైలు పడుతుందా అంటే, రేపే వచ్చి పట్టుకెళ్తారన్న భయం అక్కర్లేదు. ఈ నేరంలో వారంట్ లేకుండా సోదా చేయాలంటే డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి కావాలి, ముందు ట్రేడ్ మార్క్స్ రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకోవాలి. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో సాధారణంగా ముందు నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 35 కింద హాజరు కావాలని నోటీసు ఇస్తారు. నోటీసుకు జవాబివ్వకపోతే మాత్రం కంపెనీ సివిల్ కోర్టుకు వెళ్లి, మీకు తెలియకుండానే ఇంజంక్షన్ (అమ్మకం ఆపాలనే కోర్టు ఉత్తర్వు) తెచ్చి, సరుకు తనిఖీకి కోర్టు నియమించే కమిషనర్‌ను మీ ఇంటికే పంపగలదు. ఇంట్లో మందుల మీద ఉన్న తల్లి ముందు అల్మారాలు తెరిపించే పరిస్థితి తెచ్చుకోకండి.

5 లక్షల సంగతి. సివిల్ దావాలో నష్టపరిహారం గానీ, మీరు సంపాదించిన లాభం లెక్క గానీ అడగవచ్చు, రెండూ కలిపి కాదు. మీ లాభం ఒక్కోదానికి 750, మొత్తం 58కి 43,500 రూపాయలు, కొరియర్ ఖర్చు పోకముందు. మీరు దాచాలనుకుంటున్న యూపీఐ చరిత్రే ఈ అంకెను రుజువు చేస్తుంది, బేరానికి మీకున్న బలం అదే. లెక్కలు చూపనివాడి లాభాన్ని అవతలివాళ్లు తమకు నచ్చినంత ఊహించుకుంటారు.

జవాబు లాయర్ ద్వారానే పంపండి. వాళ్ల మార్కు రిజిస్ట్రేషన్ నంబరు, అది దుస్తులకు సంబంధించిన 25వ తరగతిలో ఉందో లేదో అడగండి. దాని మీద ఆశ పెట్టుకోకండి, రిజిస్టర్ కాని మార్కుకూ పాసింగ్ ఆఫ్ దావా, అంటే తమ సరుకని నమ్మించి వేరే సరుకు అమ్మారనే దావా వేయవచ్చు. అమ్మకం ఆపాను, మిగిలిన 22 అప్పగిస్తాను, సరఫరాదారు వివరాలు ఇవి, లెక్క ఇది, మళ్లీ చేయను అని రాయించండి. వాళ్లు పంపే హామీ పత్రంలో నేరం ఒప్పుకున్నట్టు గానీ, భవిష్యత్తులో ఎంత అడిగినా ఇస్తానని గానీ వాక్యం ఉంటే సంతకం చేయకండి. క్రిమినల్ ఫిర్యాదు చేయబోమన్న మాట కాగితం మీదికి రావాలి. ఆ సరుకును సగం ధరకు వదిలించుకోవడం, హోల్‌సేలర్‌కు తిప్పి పంపడం, తగలబెట్టడం, ఏదీ చేయకూడదు. సైజులవారీగా జాబితా రాసి, ఫొటోలు తీసి, పెట్టెలో పెట్టి టేపు వేయండి.

ఇక ఆ మేడమ్. ఈ వ్యవహారంలో నేను నిజంగా బాధపడేది ఆమె గురించే. ఆమె పంపిన ఫొటోలో ప్యాడ్ అంచు కుట్టు ఊడి పైకి లేచి ఉంది, లోపల ఒకే పొర స్పాంజి, దాని చుట్టూ పసుపు పచ్చని జిగురు మరక. గంటల తరబడి సీటు మీద కూర్చునేవాళ్లు ఆ ప్యాడ్ కోసమే డబ్బు పెడతారని రైడర్‌గా మీకు తెలుసు. ఆమె అడిగారు, మీరు అబద్ధం చెప్పారు. అసలుదని అబద్ధం చెప్పి అమ్మిన వస్తువును వినియోగదారుల రక్షణ చట్టం, 2019 నకిలీ సరుకు అంటుంది. దానివల్ల గాయమైతే సెక్షన్ 91 కింద ఏడాది వరకు జైలు, 3 లక్షల వరకు జరిమానా ఉంది. పుండ్లు ఆ ప్యాడ్ వల్లే పడ్డాయని ఆమె రుజువు చేయాలి, అసలు బ్రాండువి వేసుకున్నా కొందరికి ఒరుసుకుంటుంది. కానీ ఆ వాదన పట్టుకుని ఆమెతో గొడవకు దిగకండి. 1,600 తిరిగివ్వండి, స్కిన్ డాక్టర్ బిల్లులు ఇవ్వండి, పూర్తిగా ముట్టిందని రాతపూర్వకంగా తీసుకోండి. కన్జ్యూమర్ గొడవ అక్కడితో తెగుతుంది. ‘ఫస్ట్ కాపీ’ అని తెలిసే కొన్నవాళ్లకు ఈ నకిలీ సరుకు వాదన దొరకడం కష్టం, ఆమెకు మాత్రం పూర్తిగా ఉంది.

పది వేలు గుంజే కంపెనీది తప్పు కాదా అన్నారు. ధర ఎక్కువనిపిస్తే కొనకుండా ఉండే హక్కు మీకుంది, వాళ్ల పేరు కుట్టి అమ్మే హక్కు లేదు. తిరుప్పూర్‌లో, లుధియానాలో మంచి జెర్సీలు కుడతారు, ఎవరి లేబులూ లేకుండా, లేదా మీ పేరుతోనే వాటిని 1,600కు అమ్ముకోవచ్చు. మీరు అలా చేయలేదు, ఎందుకంటే జనం డబ్బిచ్చింది ఆ లేబుల్ చూసి. అసలు బ్రాండువి వాడి వదిలేసినవి కొని అమ్మినా తప్పు లేదు, ట్రేడ్ మార్క్స్ చట్టం సెక్షన్ 30 దానికి వీలిస్తుంది.

మీ రైడింగ్ గ్రూపులో కొన్న మిగతావాళ్ల గురించి మీరు ఒక్క మాట అడగలేదు. సొంతానికి వేసుకున్నంత వరకు వాళ్ల మీద సెక్షన్ 104 రాదు. అందులో ఒకరు విసుగొచ్చి సెకండ్‌హ్యాండ్ యాప్‌లో అమ్మకానికి పెడితే వాళ్లూ మీలాగే అమ్మినవాళ్లవుతారు. వాటిని మళ్లీ అమ్మవద్దని, వెనక్కి ఇస్తే డబ్బు ఇస్తానని వాళ్లకు రాయండి, పంపే ముందు ఆ మెసేజ్ మాటలు మీ లాయర్‌కు చూపించండి. నోటీసు గడువులో మీకు మిగిలింది ఐదు రోజులు. రేపు లాయర్ దగ్గరికి వెళ్లేటప్పుడు నోటీసు కవరుతో సహా, ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్, మిగిలిన 22 జాబితా, చాట్లున్న ఫోన్ తీసుకెళ్లండి. ఆ చివరి స్క్రీన్‌షాట్‌ను అందరికంటే ముందు మీ లాయర్‌కు మీరే చూపించండి.