ముందు వాన లెక్క చూసుకో, బుజ్జీ

పలాస

చి.ల.సౌ. బుజ్జికి మీ మావయ్య ఆశీర్వదించి రాయునది.

నువ్వు వాట్సాప్‌లో పంపిన టాంజానియా ప్లాన్ చూశాను. ఏప్రిల్ ఇరవై నుంచి ఎనిమిది రోజులు. పిల్లాడికి ఎండాకాలం సెలవులు, పైగా హోటళ్ళు సగం ధరకే వస్తున్నాయని సంబరంగా రాశావు. ఆ సగం ధర ఎందుకో నీకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఏప్రిల్ అంటే అక్కడ మసీకా, అంటే పెద్ద వానలు. మార్చిలో మొదలై మే దాకా పోస్తాయి, ఏప్రిల్‌లో మరీ జోరు. కొన్ని క్యాంపులు ఆ నెలల్లో మూసేస్తారు కూడా. టికెట్లు ఇంకా తీసుకోలేదు కదా? తీసుకోకు.

నేను అడవులు చూడ్డానికి ఆ దేశం వెళ్ళినవాణ్ణి కాదని నీకు తెలుసు. పిక్కలు కొనడానికి వెళ్ళాను. మన బట్టీలకి మన తోటల జీడిపిక్కలు ఏడాది పొడవునా చాలవు. ఇక్కడ పిక్క మార్చి నుంచి రాలితే అక్కడ అక్టోబరు నుంచి రాలుతుంది. అందుకని ఏటా దసరా వెళ్ళగానే మట్వారాకి ప్రయాణం. అది దేశానికి దక్షిణపు కొస, మొజాంబిక్ సరిహద్దు పక్కన. పిక్క ఏరే రోజుల్లో వాన తగిలితే పప్పు మచ్చపడుతుంది, అవుట్‌టర్న్, అంటే పిక్కల్లోంచి వచ్చే పప్పు తూకం, పడిపోతుంది, యజమాని ఫోనులో అరుస్తాడు. పద్నాలుగేళ్ళు ఆకాశం వైపు చూస్తూ బతికాను. ఆ దేశం గురించి నాకు తెలిసిందంతా ఆ చూపులోంచి వచ్చిందే. అక్కడ గడ్డి, జంతువు, పంట, పడవ అన్నీ వాన వెనకాల నడుస్తాయి. నువ్వూ దాని వెనకాలే నడవాలి.

ఉత్తరాన, అంటే నువ్వు చూడాలనుకుంటున్న సెరెంగెటి పార్కు వైపు, రెండు వానలు. మసీకా చెప్పాను. నవంబరు, డిసెంబరుల్లో చిన్న వానలు, వాటిని వూలీ అంటారు. దక్షిణాన మాత్రం ఒకటే వానాకాలం. గాలులకీ పేర్లున్నాయి. డిసెంబరు నుంచి ఈశాన్యం వైపు నుంచి వీచేది కస్కాజీ. కచ్ఛ్ పడవలవాళ్ళు పూర్వం దాన్ని పట్టుకునే జాంజిబార్ దిగేవారు. తరవాత దక్షిణం నుంచి వచ్చేది కూసీ, తిరుగు ప్రయాణం దాని మీద. ఆ కూసీయే భూమధ్యరేఖ దాటి వంపు తిరిగి జూన్‌లో మనకి నైరుతి రుతుపవనంగా వచ్చేది. మట్వారా ఒడ్డున ఆ గాలి తగిలినప్పుడల్లా, ఇంకొన్నాళ్ళకి మన మెట్టూరు చెరువు నిండుతుందని లెక్కేసుకునేవాణ్ణి. మీ అత్తయ్య దీనికి ఇప్పటికీ నవ్వుతుంది.

మొదటిసారి సెరెంగెటి చూడ్డానికి నేనూ ఏప్రిల్‌లోనే వెళ్ళాను. చవక అనే. బండి నల్లరేగడిలో దిగబడింది. అవును, మన నల్లరేగడిలాంటిదే, తడిస్తే సబ్బు. చక్రం తిరిగినకొద్దీ లోపలికి దిగింది. నాలుగు చక్రాలూ లాగే బండి పంపిస్తానన్న ట్రావెల్ వాడు మామూలు వ్యాను పంపించాడు. దిగి తోయడానికి లేదు, గడ్డి నడుమెత్తు పెరిగి ఉంది, అందులో ఏముందో తెలీదు. ఐదు గంటలు బండిలో కూర్చుని బిస్కెట్లు తిన్నాం. ఆ ప్రయాణంలో నేను చూసిన పెద్ద జంతువు మమ్మల్ని లాగిన ట్రాక్టరు.

కాబట్టి ఫిబ్రవరి మొదటి వారం పెట్టుకో. బడి ఉంటుందని అల్లుడుగారు అంటారు. మూడో తరగతి పిల్లాడు పది రోజులు బడి మానితే దేశానికేం నష్టం లేదని నా మాటగా చెప్పు. ఎందుకు ఫిబ్రవరి అంటే, అప్పుడు విల్డెబీస్ట్, అంటే ఆవులాంటి పెద్ద జింకల, మందలన్నీ సెరెంగెటి దక్షిణపు మైదానాల్లో, ఎండూటు చుట్టుపక్కల ఉంటాయి. అక్కడే ఈనతాయి. లక్షల పశువు, రెండు మూడు వారాల్లో ఇంచుమించు ఒకేసారి. దూడ నేల మీద పడ్డ కొద్ది నిమిషాలకే లేచి నిలబడుతుంది, ఆ వెంటనే పరుగు. లేకపోతే తోడేళ్ళంత పెద్ద హైనాలు పొంచి ఉంటాయి మరి. అన్నీ ఒకేసారి ఈనడంలో కిటుకు ఏమిటంటే, తినేవాళ్ళు ఎంత తిన్నా అన్నిటినీ తినలేరు.

అక్కడే ఎందుకు ఈనతాయని మనవడు తప్పకుండా అడుగుతాడు. ఇలా చెప్పు. గోరోంగోరో వైపు అగ్నిపర్వతాలు వేల ఏళ్ళు బూడిద కక్కాయి. గాలి ఆ బూడిదని పడమటికి మోసి పరిచింది. అది అడుగున గట్టిపడి పలకలా తయారైంది. చెట్టు వేరు దిగదు, అందుకే కనుచూపు మేర చెట్టుండదు. పొట్టి గడ్డి మాత్రం బాగా పెరుగుతుంది, అందులో కాల్షియం, ఫాస్ఫరస్ ఎక్కువ, పాలిచ్చే తల్లికి అదే బలం. చెట్టు లేదు కాబట్టి సింహం నక్కే చోటూ తక్కువ. మే వచ్చేసరికి ఆ గడ్డి ఎండిపోతుంది, నీటి గుంటలు ఉప్పగా మారతాయి. మందలు పడమటికి, తరవాత ఉత్తరానికి నడుస్తాయి. జూలై నుంచి అక్టోబరు దాకా మారా నది దగ్గర. టీవీలో చూపించే మొసళ్ళ గొడవ అంతా అప్పటిది. దసరా సెలవుల్లో వెళ్ళి అది చూడొచ్చు, కానీ ఒక్కో రేవు దగ్గర డెబ్భై బళ్ళు నిలబడి ఉంటాయి. నాకైతే ఫిబ్రవరి దూడలే ఇష్టం.

నీ ప్లానులో ఇంకో తప్పుంది. ఎనిమిది రోజుల్లో ఆరు చోట్లు రాశావు. ఆ దేశం మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపిన దానికి మూడున్నర రెట్లు. సెరెంగెటి ఒక్కటే 14,763 చదరపు కిలోమీటర్లు. ఇలా వెళ్తే మీరు చూసేది రోడ్డే. అరూషాలో దిగి ఒక రాత్రి పడుకోండి. తరంగీరే పార్కు ఒక రోజు, గోరోంగోరో ఒక రోజు, మిగిలిన రోజులన్నీ ఎండూటులోనే. డ్రైవరుకి మొదటి రోజే చెప్పు, సింహం కనపడిందని రేడియోలో వినపడగానే పరిగెత్తొద్దని. ఒక నీటి మడుగు పక్కన ఇంజను ఆపి రెండు గంటలు కూర్చోండి. అప్పుడు చిన్నవి కనపడతాయి. పేడపురుగు ఉండ దొర్లించుకుపోవడం, జీబ్రా రెండూ ఒకదాని వీపు మీద ఒకటి తల ఆన్చి ఇటొకటి అటొకటి కాపలా కాయడం. జీబ్రాని వాళ్ళ భాషలో పుందా మిలియా అంటారు, అంటే చారల గాడిద. మనవడికి ఇది బాగా నచ్చుతుంది చూడు.

తరంగీరేలో ఏనుగులు, బావోబాబ్ చెట్లు. అక్కడ మాత్రం నీలం, నలుపు బట్టలు వెయ్యకండి. సెట్సీ ఈగలకి ఆ రంగులంటే మోజు, జీన్స్ మీద నుంచే కుడతాయి. ఈగలు పట్టే వలలు కూడా అక్కడ నీలం, నలుపు గుడ్డతోనే కడతారు. బావోబాబ్ చూడ్డానికి అంత దూరం అక్కర్లేదు నిజానికి. హైదరాబాదులోనే ఉన్నారుగా, గోల్కొండ నయా ఖిల్లాలో ఏనుగు చెట్టు అంటారే, అది అదే జాతి. వందల ఏళ్ళ క్రితం సముద్రం దాటి వచ్చింది. వెళ్ళేముందు వీలైతే పిల్లాడికి చూపించు. తిరిగి వస్తూ ఏసీ గార్డ్స్ మీదుగా రండి, ఆ పేరులో ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ అని చెప్పు. నిజాం కొలువులో పనిచేసిన సిద్దీల పేట అది.

గోరోంగోరోకి స్వెట్టర్లు తీసుకెళ్ళండి. ఆఫ్రికాలో స్వెట్టరా అని నవ్వకు. ఆ అంచు రెండు వేల మీటర్లకి పైన ఉంటుంది, పొద్దున్నే లంబసింగి చలి. కుప్పకూలిన అగ్నిపర్వతం అది, లోపల 260 చదరపు కిలోమీటర్ల నేల, ఆరు వందల మీటర్ల లోతు. నల్ల ఖడ్గమృగం కనపడితే అక్కడే కనపడాలి. మనవడికి ఒక పొడుపు వెయ్యి: అన్ని జంతువులూ ఉన్న ఆ గిన్నెలో జిరాఫీ ఎందుకు లేదు? గోడలు నిటారు, దానికి కావలసిన తుమ్మజాతి చెట్లూ అడుగున తక్కువ.

అక్కడ ఎర్ర దుప్పట్లతో పశువులు తోలుకుంటూ మసాయిలు కనపడతారు. చుట్టాన్ని చూసినట్టు చూడు, బొమ్మని చూసినట్టు కాదు. సెరెంగెటి వాళ్ళ మేత భూమే. పార్కు చేశాక 1959లో వాళ్ళని అక్కణ్ణుంచి ఖాళీ చేయించి గోరోంగోరోలో ఉండమన్నారు. ఇప్పుడు అక్కణ్ణుంచి కూడా కదలమంటున్నారన్న తగువు నడుస్తోంది. అడిగి, ఒప్పుకుంటేనే ఫోటో తియ్యి.

ఎండూటుకి వెళ్ళే దారిలో ఓల్డువాయి దగ్గర తప్పకుండా ఆగండి. చాలామంది టైం లేదని దాటేస్తారు. 1959లో మేరీ లీకీ అనే పరిశోధకురాలికి ఆదిమానవ జాతి పుర్రె దొరికిన లోయ అది. నాకు మాత్రం పుర్రె కన్నా అడుగుల ముద్రలు గొప్పగా తోచాయి. దగ్గర్లోని లెటోలీలో 1978లో బయటపడ్డాయి, అచ్చు తీసి మ్యూజియంలో పెట్టారు. 36 లక్షల ఏళ్ళ కిందటివి. అగ్నిపర్వతం బూడిద కురిసింది, దాని మీద సన్నటి వాన పడింది, తడి బూడిద మీద నుంచి రెండు కాళ్ళ మీద ఎవరో నడిచి వెళ్ళారు, అది సిమెంటులా గట్టిపడింది. పెద్ద అడుగుల పక్కనే చిన్న అడుగులు. చూశావా, అక్కడా వానే.

మనుషుల సంగతి. పెద్దవాళ్ళు ఎదురైతే "షికమో" అనాలి. పాదాలు పట్టుకుంటున్నాను అని దాని పాత అర్థమట. వాళ్ళు "మరహబా" అంటారు. మనవడికి నేర్పించు, వాడు అంటే ఊరంతా కరిగిపోతుంది. కొట్టుకెళ్ళి సూటిగా ధర అడక్కు. ఇంట్లో అంతా కులాసా, పని ఎలా ఉంది, ఇవన్నీ అయ్యాకే బేరం. మొదట్లో నాకు విసుగొచ్చేది, తరవాత పిక్కల బేరాలన్నీ ఆ పలకరింపుల్లోనే తెగేవని తెలిసింది.

టైం జాగ్రత్త. వాళ్ళ గడియారం పొద్దు పొడుపు నుంచి మొదలవుతుంది, మన పంచాంగంలో ఘడియల్లాగే. ఉదయం ఏడు గంటలంటే వాళ్ళకి ఒంటిగంట. బస్సు "సా మ్బిలీ"కి అన్నారు, అంటే రెండింటికి. నేను శుభ్రంగా భోంచేసి మధ్యాహ్నం వెళ్ళాను. అది పొద్దున్న ఎనిమిదికే పోయింది. ఎవరు టైం చెప్పినా, వాళ్ళ లెక్కా మన లెక్కా అని ఒకటికి రెండుసార్లు అడుగు.

భాష భయం లేదు. బండిని గారీ అంటారు, లక్షని లకీ, దుకాణాన్ని దుకా. ఆటోని ఏమంటారో తెలుసా, బజాజీ! తిండికీ ఇబ్బంది లేదు. ఉగాలి మన చోడి సంకటి లాంటిదే, కాకపోతే మొక్కజొన్న పిండితో. పక్కన మ్చిచా అని పెడతారు, అది తోటకూర. కొబ్బరిపాలు పోసిన చిక్కుడు గింజలు నువ్వు ఇంటికొచ్చాక కూడా వండుతావు. ఆవకాయ పట్టుకెళ్తే స్టీలు డబ్బాలో పట్టుకెళ్ళు. 2019 నుంచి అక్కడ ప్లాస్టిక్ సంచులు నిషేధం, ఎయిర్‌పోర్టులోనే తీయించేస్తారు.

మలేరియా మాత్రలు, టీకాలు డాక్టరు గారిని కనీసం నెల ముందు కలిసి అడగండి. దీంట్లో నా సలహా వినొద్దు. నేను మాత్రలు మానేసి రెండుసార్లు మంచం పట్టినవాణ్ణి.

జాంజిబార్ మూడు రోజులు రాశావు, దాన్ని ఈసారికి వదిలెయ్. లవంగాల వాసన, స్టోన్ టౌన్ సందులు, 1873లో మూతపడిన బానిసల సంత ఉన్న చోటు, ఇవన్నీ పిల్లాడు కాస్త పెద్దయ్యాక చూస్తే అర్థమవుతాయి. మన మద్రాసు ఐఐటీ వాళ్ళు 2023లో అక్కడ కాలేజీ కూడా తెరిచారు. ఏమో, వాడు చదువుకే వెళ్తాడేమో.

మీ అత్తయ్య తనకో కంగా తెమ్మంటోంది. రెండు ముక్కల జత, ఒళ్ళంతా పువ్వులు, అంచు దగ్గర స్వాహిలీలో ఒక మాట అచ్చు వేసి ఉంటుంది. కొనేముందు ఆ మాట డ్రైవరు చేత చదివించుకో. నేను మొదట తెచ్చినదాన్ని మీ అత్తయ్య మురిసిపోతూ మూడేళ్ళు కట్టింది. తరవాత మట్వారా నుంచి ఒక వ్యాపారి మన ఇంటికి భోజనానికి వచ్చి, అది చదివి తల దించుకుని నవ్వాడు. పక్కింటావిణ్ణి ఎత్తిపొడిచే మాటట అది. ఈసారి కాస్త మంచి మాట ఉన్నది చూడు.

ఇట్లు,
మీ మావయ్య